ఎత్తిరాత
(కళాశాల గ్రంథాలయ స్మారకోపన్యాసం, అచ్చుకోసం సవరించిన పాఠం)



ఎవరి జ్ఞాపకంగా ఈ సభ జరుగుతోందో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేను మాత్రం ఆయన్ని ఏనాడూ పేరుతో అనుకోలేదు. మా తరం వాళ్లందరికీ ఆయన లైబ్రరీ మాస్టారు. పాఠం చెప్పనివాళ్లని మాస్టారు అనే అలవాటు కాలేజీల్లో లేదు. ఆయన్ని ఎందుకు అన్నామో నాకిప్పటికీ తెలియదు. బహుశా పుస్తకం అడిగితే వెంటనే ఇచ్చేవారు కారు కాబట్టి. ఎందుకూ అని అడిగేవారు. జవాబు నచ్చకపోతే ఇంకో పుస్తకం చేతిలో పెట్టి పంపేసేవారు. ఆ ఇంకో పుస్తకాలే నేను ఎక్కువ చదివాను.

మేడమెట్ల కింద గదిలో ఒక ఇనప బీరువా ఉండేది. బి.ఏ. రెండో ఏడు వేసవి సెలవులకి నేను ఊరెళ్లలేదు. ఒకనాడు మాస్టారు ఆ బీరువా తీశారు. ముందు కలరా ఉండల వాసన కొట్టింది, దాని వెనక వసకొమ్ము ఘాటు. పై అరలో తోలు అట్టల పుస్తకాలు, కింది అరలో ఎర్రగుడ్డల్లో చుట్టిన తాటాకు కట్టలు నాలుగు. ఒక కట్ట విప్పి, పైనా కిందా ఉన్న చెక్కపలకలు తీసి, నా ముందు పెట్టి "ఎత్తిరాయి" అన్నారు.

అది పోతన భాగవతం, అష్టమ స్కంధం. ఎన్ని అచ్చుకూటాలు ఎన్నిసార్లు వేశాయో లెక్కలేని పుస్తకం. అదే అన్నాను. "అచ్చయిందని నాకు తెలీదనుకున్నావా? రాయి" అన్నారు.

తాటాకు చదవడం అలవాటు లేనివాడికి మొదటి రెండు రోజులూ కళ్లమ్మట నీళ్లే. మాటకీ మాటకీ మధ్య జాగా వదలరు. పద్యం అయిందని చెప్పడానికి ఒక నిలువుగీత ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఎకారమో ఏకారమో, ఒకారమో ఓకారమో చాలా ప్రతుల్లో తేడా చూపరు. ఛందస్సు వచ్చినవాడు గురులఘువులు లెక్కగట్టుకుని తేల్చుకోవాలి. ధర్మం అన్న మాటలో రేఫ మనం వెతికేచోట ఉండదు. మకారం పక్కన వలపలగిలకై నించుని ఉంటుంది. గంటంతో గీసిన అక్షరంలోకి పూసిన మసి వెలిసిపోతే ఆకు ఖాళీగా కనిపిస్తుంది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే గీతలు ఒక్కొక్కటే పైకి తేలుతాయి. ఆ పట్టుకోవడం మాస్టారే నేర్పారు.

మూడోనాటికి గజేంద్రమోక్షం వచ్చింది. మా నాయనమ్మ పుణ్యమా అని నాకు నోటికి వచ్చిన ఘట్టం. ఇంక అడ్డేముంది, గబగబా రాసుకుంటూ పోయాను. సాయంత్రం మాస్టారు ఆకూ కాగితమూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఆరుచోట్ల ఎర్రపెన్సిలు పడింది. ఆ ఆరుచోట్లా ఆకులో ఒక మాట ఉంటే నేను ఇంకో మాట రాశాను. నాయనమ్మ చెప్పిన మాట, అచ్చులో ఉన్న మాట. "నువ్వు ఆకు చూసి రాయలేదోయ్, నీ నోరు చూసి రాశావు" అన్నారాయన.

పాఠాంతరాలు ఎలా పుడతాయన్నది తర్వాత ఎం.ఏ.లో చదివాను. తెలిసింది మాత్రం ఆ సాయంత్రమే. చదువురాని వ్రాయసకాడు అక్షరం జారవిడుస్తాడు. అక్కడ గండి కనిపిస్తుంది, గ్రంథపాతం అని గుర్తు పెట్టుకోవచ్చు. చదువుకున్నవాడు అక్షరం దిద్దుతాడు. అది కనిపించదు. అందుకే కవిత్వం వచ్చినవాడు ఎత్తిరాసిన ప్రతి అంటే నాకు కొంచెం భయం.

కాలేజీ లైబ్రరీల్లోని పాత పుస్తకాల గురించి మాట్లాడమని ప్రిన్సిపాల్‌గారు అడిగారు. తెలుగు పుస్తకానికి సంబంధించినంతవరకు, మన కాలేజీలన్నిటికీ తాత అనదగ్గ కాలేజీ ఒకటుంది. 1812లో మద్రాసులో ఎల్లిస్ దొర పూనికతో మొదలైన సెయింట్ జార్జి కోట కాలేజీ. కంపెనీ కొలువుకి వచ్చిన కుర్ర దొరలకి తెలుగు, తమిళం వగైరా భాషలు నేర్పడం దాని పని. నేర్పడానికి పుస్తకాలు కావాలి, అచ్చులో లేవు. అందుకని కాలేజీయే అచ్చుకూటం పెట్టుకుంది. పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టింది. రావిపాటి గురుమూర్తిశాస్త్రిగారు విక్రమార్కుడి కథల్ని వచనంలో రాసింది అక్కడి విద్యార్థుల కోసమే.

ఆ అచ్చుకూటంలో 1816లో కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం వచ్చింది. ఇంగ్లీషు పుస్తకం. దాని ముందు ఎల్లిస్ చేర్చిన ఒక వ్యాసం ఉంది. తెలుగు సంస్కృతం కడుపున పుట్టింది కాదు, తమిళ కన్నడాల తోబుట్టువు అని మొదటిసారి ఉదాహరణలతో నిరూపించింది అక్కడే. కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం 1856లో గదా వచ్చింది, దానికి నలభయ్యేళ్ల ముందు మాట. ఆ నిరూపణ ఎల్లిస్ ఒక్కడి బుర్రలోంచి ఊడిపడలేదు. కాలేజీ పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికా, మచిలీపట్నం మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపికా ఆయన బల్లమీద ఉన్నాయి. అంటే లైబ్రరీ ఉంది కాబట్టి ఆ వ్యాసం ఉంది.

అదే కాంబెల్ పీఠికలో ఇంకో ముచ్చట. తిరుమల కొండమీద రాగిరేకులు ఉన్నాయనీ, వాటిమీద పద్యాలు చెక్కి ఉన్నాయనీ విని ఆయన ఒక మనిషిని పంపి చూపించాడు. ఒక వ్యాకరణం దొరికితే దాన్ని ఎత్తిరాయించాడు. తీరా చూస్తే మిగతావన్నీ స్వామివారి మీద కీర్తనలు! వ్యాకరణం కోసం వచ్చినవాడికి కీర్తనలతో పనేముంది? పక్కన పెట్టేశాడు. అవి తాళ్లపాక వారి రేకులు. వాటిలో అన్నమయ్య ఉన్నాడని లోకం గుర్తించడానికి ఇంకో నూరేళ్లు పట్టింది. నేను కాంబెల్‌ని తప్పు పట్టను. ఏం వెతుకుతున్నామో అదే కనిపిస్తుంది. మన మెట్లకింది గదిలో నేను వెతకనిది ఎంత వదిలేశానో!

ఎల్లిస్ 1819లో రామనాథపురంలో పొరపాటున విషం మింగి పోయాడు. ఆయన తన రాతల్ని నలభయ్యేళ్లు వచ్చేదాకా అచ్చు వెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నవాడంటారు. నలభై దాటిన కొద్దికాలానికే పోయాడు. ఆయన వదిలిపోయిన కాగితాలు మధురలో కలెక్టరు ఇంటికి చేరి, అక్కడి వంటవాడికి నెలల తరబడి పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చాయని వాల్టర్ ఇలియట్ చెప్పాడు. అచ్చయిన వ్యాసం మిగిలింది, ఒంటిప్రతిగా ఉన్నవి పొయ్యిలోకి పోయాయి.

ఆ కాలేజీ లైబ్రరీకి తర్వాత చేరిన రెండు సొత్తుల గురించి చెబుతాను. ఒకటి మెకంజీది.

కాలిన్ మెకంజీ స్కాట్లండు దీవివాడు. 1783లో ఇక్కడికి వచ్చి, నేలలు కొలుస్తూ కొలుస్తూ, ఊళ్ల కథలు కూడబెట్టే పనిలో పడ్డాడు. చివరికి భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయనకి కళ్లూ చెవులూ ఏలూరువారైన కావలి సోదరులు. పెద్దవాడు బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని భుజానికెత్తుకున్నాడు. కరణాల ఇళ్లకి వెళ్లి కవిలెలు చూసి, ముసలివాళ్లు చెప్పింది విని రాయించినవే మనం కైఫియత్తులు అంటున్నవి. నల్లటి కడితాల మీద బలపంతో రాసుకున్న లెక్కలు కూడా వాటికి ఆధారాలే. కడితం అంటే ఈ పిల్లలకి తెలియకపోవచ్చు. గుడ్డకి చింతగింజల అంబలీ బొగ్గుపొడీ పట్టించి ఆరబెట్టి, మడతలు మడతలుగా చేసిన పుస్తకం. తడిగుడ్డతో తుడిచేస్తే మళ్లీ కొత్తది. మన పూర్వీకుల పలకన్నమాట. తుడిచేసే వీలున్న పుస్తకంలో చరిత్ర ఎంత నిలుస్తుందో ఊహించుకోండి. వాటిని కాగితం మీదికి ఎత్తించారు గనక సరిపోయింది.

మెకంజీ 1821లో కలకత్తాలో పోతే ఆ సేకరణని కంపెనీ కొనేసింది. 1828లో విల్సన్ దానికి జాబితా అచ్చు వేశాడు. దక్షిణాది భాషల భాగం తర్వాత మద్రాసు చేరింది. లక్ష్మయ్య ఏం చేశాడంటారా? దొర మొదలుపెట్టిన పని నేను పూర్తి చేస్తానని అర్జీ పెట్టుకున్నాడు. ఏ కాగితం ఏ ఊళ్లో ఎవరి నోటివెంట వచ్చిందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఒప్పుకోలేదు. నేటివు మనిషికి అంత విమర్శబుద్ధి ఉండదన్నారు. పని విలియం టేలర్ అనే మిషనరీ చేతికి పోయింది.

రెండోది బ్రౌన్ సొత్తు. బ్రౌన్ గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పేదేముంది? 1817లో మద్రాసు వచ్చి, ఈ కాలేజీలోనే వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర ఓనమాలు దిద్దాడు. 1820లో కడప వెళ్లాడు. తర్వాత మచిలీపట్నంలో ఉండగా ఒక ఫ్రెంచి మతగురువు పుస్తకంలో వేమన పేరు చూసి ప్రతులు వెతకడం మొదలుపెట్టాడు. 1829లో 693 పద్యాలు అచ్చు వేశాడు. పదేళ్లకి, 1839లో, అవి 1164 అయ్యాయి. ఈ రెండు అంకెల మధ్య ఎన్ని తాటాకు కట్టలున్నాయో, ఎంతమంది వ్రాయసకాళ్లున్నారో చూసేవాళ్లు తక్కువ.

ఆయన పద్ధతి చూడండి. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు ఊళ్లనుంచి తెప్పిస్తాడు. ఒకదాన్ని మంచి కాగితం మీద ఎత్తి రాయిస్తాడు. మిగతా ప్రతుల్లో మాట మారినచోటల్లా పక్కన రాయిస్తాడు. పండితులు కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు వింటూ ఏది సరైన పాఠమో తేల్చాలి. జూలూరి అప్పయ్యగారి వంటి వారిచేత వ్యాఖ్యలు రాయిస్తాడు. వసుచరిత్ర 1844లో, మనుచరిత్ర 1851లో అలా బయటికొచ్చాయి. కడప బంగళాలో ఈ పండితులందరికీ జీతాలు బ్రౌన్ సొంత డబ్బుతో ఇచ్చేవాడు, అప్పులు చేసి మరీ. బ్రౌన్ కాలేజీ అని జనం దానికి పేరు పెట్టారు. ఒక మనిషి ఇల్లు కాలేజీ అయింది, మద్రాసు కాలేజీ మాత్రం ఆ మనిషి అచ్చేయించిన వేమన పుస్తకాలని పట్టించుకోలేదు. ఈ విచిత్రం మీద బంగోరెగారు ఎంత కోపంగా రాశారో చదవాలి. తెలుగులో పరిశోధకుడి కోపం చదవాలంటే ఆయన దగ్గరికే వెళ్లాలి.

మధ్యలో బ్రౌన్ సెలవు మీద లండను వెళ్లాడు. ఇండియా హౌస్ లైబ్రరీలో దక్షిణాది తాళపత్రాలు ఎవరూ ముట్టుకోకుండా పడి ఉండటం చూశాడు. చదివేవాడు లేనిచోట ఇవెందుకు అని పోరి, వాటిని ఓడకెక్కించి మద్రాసు పంపించేలా చేశాడు. ఇంగ్లండు నుంచి ఇటు తిరిగొచ్చిన తాటాకులివి! కోహినూరు గురించి మనం సభలు పెట్టుకుంటాం, ఈ ఓడ గురించి ఎవరికీ తెలియదు.

తర్వాత ఆయన తన సేకరణ మొత్తం మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. అక్కణ్ణుంచి కాలేజీ లైబ్రరీకి చేరింది. 1854లో కాలేజీయే మూసేశారు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. కాలేజీ పోతే లైబ్రరీ ఏమవుతుంది? మన దగ్గర ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడ అదృష్టం బాగుండి టేలర్ జాబితా రాశాడు. మూడు సంపుటాలు, 1857, 1860, 1862. దాని పేరులో కాలేజీ అన్న మాట ముందు బ్రాకెట్టు పెట్టి, గతించిన వాళ్లకి వాడే మాట వేశారు. కీర్తిశేషురాలైన కాలేజీ లైబ్రరీలోని రాతప్రతుల జాబితా అన్నమాట. నేను చూసిన పుస్తకాల పేర్లలో ఇంత నిజాయితీ ఉన్నది మరొకటి లేదు. టేలర్ తెలుగులో తప్పులు తక్కువేం కావు. కావ్యం సగంలో చదవడం ఆపేసి కథ ఊహించి రాసినట్టు అనిపించే చోట్లున్నాయి. అయినా ప్రతి కట్టకీ ఒక అంకె పడింది. ఆకులెన్ని, మొదలుందా, చివరుందా, పురుగు తిన్నదా, అదంతా కాగితం మీదికి వచ్చింది. అంకె పడ్డ కట్ట పోతే పోయిందని తెలుస్తుంది. అంకె లేనిది పోయినా తెలియదు, ఉన్నా తెలియదు.

ఆ కట్టలు ప్రెసిడెన్సీ కాలేజీకి చేరి, 1869లో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయ్యాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పనిచేసింది, మానవల్లి రామకృష్ణకవిగారు తిరిగింది ఆ భాండాగారం కోసమే. రామకృష్ణకవిగారు తంజావూరు ప్రతి ఆధారంగా నన్నెచోడుడి కుమారసంభవం 1909లో అచ్చు వేసి, నన్నయకంటే ముందువాడన్నారు. గొడవ ఇంకా ఆరలేదు. కవిగారే రాసి నన్నెచోడుడి పేరు పెట్టారేమో అన్నవాళ్లూ ఉన్నారు. ఇంటింటా ప్రతి ఉన్న పోతన మీద ఎవరైనా ఆ మాట అనగలరా?

ఇంక మన బీరువాకి వద్దాం.

దానిలో ఉన్నవి నేను చెప్పినంత గొప్పవి కావు. నాలుగు తాటాకు కట్టలు, ఒక పాత వైద్య కాగితపు ప్రతి, వావిళ్లవారి పాత ముద్రణలు కొన్ని, 1852 నాటి బ్రౌన్ నిఘంటువు. మీ అందరిళ్లలో ఉన్న బ్రౌణ్యం 1903లో వీరేశలింగం పంతులుగారు మొదలైనవాళ్లు సవరించిన ప్రతి. 1852ది దాని తమ్ముడు కాదు, తండ్రి. పోలికలున్నాయి గాని మనిషి వేరు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలంటే మన ఊళ్లో ఈ బీరువా ఒక్కటే దారి.

మాస్టారు రిటైరయ్యాక తాళంచెవి చేతులు మారింది, తర్వాత కనిపించలేదు. పదకొండేళ్లు ఆ బీరువా తెరవలేదు. ఒకరకంగా అదే మంచిదయింది. మనకి దగ్గర్లోనే ఉన్న ఒక కాలేజీలో, పేరెందుకులెండి, స్టాక్ వెరిఫికేషన్ చేసి, యాభయ్యేళ్లుగా ఎవరూ తీసుకోని పుస్తకాలని రైటాఫ్ చేసి తూకానికి అమ్మేశారు. మాస్టారికి కబురు తెలిసి, పాతకాగితాల కొట్టుకి రిక్షాలో వెళ్లారు. డెబ్బై దాటిన మనిషి. తక్కెడ పక్కన కూర్చుని ఏరారట. కొట్టువాడు కిలో లెక్కన ఇస్తానంటే, ఏ పుస్తకమూ బరువు ఎక్కువ లేనివే చూసి తీసుకున్నానని నాతో నవ్వుతూ అన్నారు. పింఛనుదారు కదా. బరువైనవి ఏం వదిలేశారో నేను అడగలేదు.

ఇప్పుడు స్కానింగ్ వచ్చింది. మంచిదే, నేను వద్దనేవాణ్ణి కాను. కడప కైఫియత్తుల్ని అక్కడి బ్రౌన్ గ్రంథాలయంవారు సంపుటాలుగా అచ్చు వేశారు. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు బ్రౌన్ బంగళా ఉన్నచోటే నిలబెట్టిన గ్రంథాలయం అది. ఇలాంటి పనుల వల్లే ఇంట్లో కూర్చుని చదువుకోగలుగుతున్నాం. నా ఫిర్యాదు ఒక్కటే. వ్రాయసకాడు తప్పు రాసినా ప్రతి అక్షరమూ ఒకసారి చూసేవాడు. స్కానరు ఏదీ చూడదు. దాన్ని నడిపేవాళ్లకి పేజీకింత అని ఇస్తారు, పేజీలు తిరుగుతాయి. మడతపడ్డ ఆకు మడతతోనే ఎక్కుతుంది. ఆముక్తమాల్యద అని వెతికితే దొరకదు, ఎవరో మూడు తప్పులతో కొట్టిన పేరు తెలిస్తేనే దొరుకుతుంది. ఎవరూ చదవకుండానే ఒక పుస్తకం ఎత్తబడటం తాటాకు కాలంలో సాధ్యం కాదు.

వెనకటి వ్రాయసకాళ్లు కట్ట చివర నాలుగు మాటలు రాసేవారు. ఏ సంవత్సరం, ఏ తిథి, ఎవరికోసం. నడుం వంగి, మెడ పట్టుకుపోయి రాశాను, తప్పులుంటే మన్నించండి, ప్రతిని బిడ్డలా చూసుకోండి అని. వాళ్లలో చాలామంది పేరు తప్ప మనకింకేమీ తెలియదు.

కిందటి నెల ప్రిన్సిపాల్‌గారు తాళాలవాణ్ణి పిలిపించి బీరువా తీయించారు. చెదలు లేవు. ఒక కట్టకి తాడు తెగింది, అంతే. సభ అయ్యాక ఆ పుస్తకాలు రీడింగ్ రూంలో బల్లమీద పెడతారు. చేతులు సబ్బుతో కడుక్కుని, బాగా తుడుచుకుని రండి. గ్లౌజులు అక్కర్లేదు. గుడ్డ తొడుగుతో కాగితం అంచు తెలియక చిరుగుతుంది.

బీరువాలో మాస్టారి చేతిరాత యాక్సెషన్ రిజిస్టరు కూడా ఉంది. అచ్చు పుస్తకాలు నల్లసిరాతో, రాతప్రతులు ఎర్రసిరాతో. ఎర్రసిరా పద్దుల్లో ఆఖరుది, కాగితపు ప్రతి, నూటపన్నెండు పేజీల నోటుబుక్కు, భాగవతం అష్టమ స్కంధం. వ్రాయసకాడి గడిలో నా పేరు ఉంది. ఆ పక్కన రిమార్కుల గడిలో రాశారు: "ఆరుచోట్ల నమ్మరాదు."